వెనక సీటుకు సాక్షి ఎవరు?

2023 డిసెంబరులో నేనూ నా సహచరుడూ ఒకే బండి మీద హైదరాబాదు నుంచి నామక్కల్ దాకా వెళ్ళి తిరిగొచ్చాం. 24 గంటల లోపల 1,000 మైళ్ళు, అంటే సుమారు 1,610 కిలోమీటర్లు పూర్తి చెయ్యాలన్నది పందెం. బండి అతను నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. నెల తర్వాత, ఏర్పాట్లు చూసిన బృందం పూర్తి చేసినవాళ్ళ జాబితా వేసింది. అందులో అతని పేరుంది. బండి పేరుంది, ఇంజను సీసీతో సహా. నా పేరు లేదు. అడిగితే ఒకాయన నవ్వుతూ, "మీరు వెనకే కదా మేడం కూర్చుంది?" అన్నాడు.

ఆ "వెనకే కదా" గురించే నా పేచీ.

ఇలాంటి దూరప్రయాణాలకు చాలా దేశాల్లో పాటించేది అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్ పెట్టిన నియమాలు. అక్కడ నోటిమాట చెల్లదు. బయల్దేరేటప్పుడూ ముగిశాకా సాక్షి సంతకాలు తీసుకునే పద్ధతి ఉంది. దారిలో పెట్రోలు పోయించుకున్నచోటల్లా తేదీ, వేళ, ఊరు ఉన్న రసీదు తీసుకోవాలి. ఆ పక్కనే మీటరు రీడింగు లాగ్‌బుక్కులో ఎక్కించాలి. వెనక కూర్చున్న మనిషి కూడా సర్టిఫికెట్టు కోరవచ్చు, మొదటి నుంచి చివరిదాకా ఆ బండి మీదే ఉన్నట్టు రుజువుంటే. నియమం పెట్టినవాళ్ళకు లేని అనుమానం మన ఊరి మగవాళ్ళకు వచ్చిందన్నమాట!

అయితే ఆ రుజువులోనే ఒక చిక్కుంది. పెట్రోలు రసీదు బండిని రుజువు చేస్తుంది. బండి దానంతటది కదలదు కనక నడిపినవాణ్ణీ రుజువు చేస్తుంది. మరి నేను? వెళ్ళేటప్పుడు కర్నూలులో దిగిపోయి, వచ్చేటప్పుడు అక్కడే మళ్ళీ ఎక్కినా ఒక్క రసీదు మారదు, మీటరులో ఒక్క అంకె మారదు. నేనున్నానని చెప్పాలంటే ఎవరో ఒకరు నన్ను చూసి, నా పేరు రాసి, సంతకం పెట్టాలి. మా సాక్షిపత్రంలో ఆ ఒక్క పేరూ రాయలేదు. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ నేనూ చూసుకోలేదు.

ఆ ఇరవై మూడు గంటలూ నేనేం చేశానో చెబుతాను. రసీదులు అడిగి తీసుకున్నది నేను. ఎండకూ చెమటకూ అక్షరాలు వెలిసిపోయే కాగితాలవి, ప్రతిదానికీ ఫోటో తీశాను. మీటరు చూసి లాగ్‌బుక్కు రాశాను. తొప్పూరు ఘాట్‌లో లారీల మధ్య బండి ఎటు ఒరిగితే అటు ఒరిగాను. వెనక మనిషి బెదిరి బిగుసుకుపోతే మలుపు చెడుతుంది. రాత్రి గుత్తి దాటాక అతని తల వాలుతోందని కనిపెట్టి, భుజం మీద చరిచి, బండి ఆపించి, టీ తాగించాను. బంకుల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం. చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అందుకని దారంతా గుక్కలు లెక్కపెట్టుకుని నీళ్ళు తాగాను. నడుమూ తొడలూ అతనికెంత నొప్పి పెట్టాయో నాకూ అంతే పెట్టాయి. పైగా పట్టుకోవడానికి నాకు హ్యాండిల్ లేదు. అతనికి సర్టిఫికెట్టు తెచ్చిపెట్టిన లాగ్‌బుక్కు మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా నా చేతిరాత.

నా సహచరుడు మంచివాడే. "నాకొస్తే నీకొచ్చినట్టే కదా," అన్నాడు. పొలం కాగితాల గురించీ ఇంటి కాగితాల గురించీ మన ఇళ్ళల్లో తరతరాలుగా వింటున్న మాట ఇది.

ఇది మగవాళ్ళ బృందంతో గొడవ మాత్రమే అయితే ఈ పేజీల్లో రాసేదాన్ని కాదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది నా స్నేహితురాలి మాట. స్త్రీవాదే, నాకంటే బాగా చదువుకున్నది. "ముందు హ్యాండిల్ పట్టుకో, తర్వాత అడుగు," అంది. 2019లో ఐరన్ బట్ ర్యాలీని, పదకొండు రోజుల పోటీని, వెండీ క్రాకెట్ గెలిచింది. ఆ పోటీ గెలిచిన మొదటి స్త్రీ ఆమె. ఆ సంతోషం నాకూ ఉంది. కానీ హ్యాండిల్ పట్టుకున్న స్త్రీనే లెక్కపెడతామంటే మనం వాడుతున్నది ఎవరి తూకపురాయి?

ఏనుగుల వీరాస్వామి 1830-31లో కాశీయాత్ర చేశాడు. ఆయన్ని మోసింది బోయీలు. కూర్చుని వెళ్ళాడు కనక ఆ యాత్ర ఆయనది కాదని ఎవరైనా అన్నారా? తెలుగు యాత్రాసాహిత్యం పాఠం ఆయనతోనే మొదలుపెడతాం. చే గువేరా 1952లో దక్షిణ అమెరికా తిరిగిన నార్టన్ బండి అతనిది కాదు, స్నేహితుడు అల్బెర్తో గ్రనాదోది. చే కొంతదూరం వెనక సీట్లోనే వెళ్ళాడు. ఆ బండి చిలీలోనే మూలపడింది. అయినా ఆ డైరీలను మోటార్‌సైకిల్ డైరీలు అనే అంటాం, వాటిని వీరుడి యవ్వనంగా చదువుతాం. మోయించుకున్న దొర యాత్రికుడు, మోసిన బోయీ లెక్కలో లేడు. నడిపిన మగవాడు యాత్రికుడు, వెనకున్న ఆడది లెక్కలో లేదు. నడపడానికీ కూర్చోవడానికీ దీంతో సంబంధం లేదు. ఎవరి అనుభవాన్ని ప్రయాణంగా ఒప్పుకోవాలో ముందే తీర్మానించుకుని, కారణాలు తర్వాత వెతుక్కుంటున్నాం.

వేరేగా కూడా జరగొచ్చు. 1915లో ఎఫీ హాచ్‌కిస్ అనే అమ్మాయి సైడ్‌కారున్న హార్లీ డేవిడ్‌సన్ మీద న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి తిరిగొచ్చింది. సైడ్‌కారులో తల్లి ఎవిస్. దారిలో ట్యూబులు అయిపోతే దుప్పటి కోసి టైరులో కుక్కి నడిపారు. బండి నడిపింది కూతురే. కానీ ఆ ప్రయాణం గురించి చెప్పేవాళ్ళు ఈనాటికీ ఇద్దరి పేర్లూ చెబుతారు.

మన చట్టానికి మాత్రం వెనక సీటు మనిషి బాగానే తెలుసు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చూడండి. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలంటుంది. మనం చీర గార్డు అనేది దాన్నే. చీరకు ఇంత రక్షణ ఇచ్చిన దేశంలో, రాజధాని ఢిల్లీలో, ఆడవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి చెయ్యడానికి 2014 దాకా పట్టింది. అప్పుడు కూడా సిక్కు స్త్రీలకు మినహాయింపు ఇచ్చారు. చీర సంగతి ముందు తట్టింది, తల సంగతి తర్వాత.

సాహిత్య పరిశోధనలో మనం చేస్తున్నదీ దాదాపు ఇదే. యాత్రాకథనాల్లో "సతీసమేతంగా" అన్న మాట దగ్గర ఆగకుండా ఎన్ని సిద్ధాంత గ్రంథాలు రాశాం? నా పిహెచ్.డి.లోనూ ఆ మాటను దాటుకుంటూ వెళ్ళాను. రాతప్రతి సాఫు చేసిందెవరు, ఖర్చులు రాసిందెవరు, తారీఖులు గుర్తుంచుకుందెవరు అని అడగలేదు. దారి మనకు తెలియనిది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, కూర్చుని, వాళ్ళ మాటల్లోనే వాళ్ళ కథ విన్నది. కాగితం లేనిచోట మనిషి సాక్ష్యం తీసుకోవాలని మనకు నేర్పిన పుస్తకం అది. ఆ పాఠాన్ని పోరాటాల దగ్గరే ఆపేసి, రోజూ రోడ్డు మీద కనిపించే వెనక సీటును ఎందుకు వదిలేశాం?

నేనడిగేది జాలీ కాదు, బహుమతీ కాదు. బయల్దేరేచోట ఒకరు నన్ను చూసి పేరు రాయాలి. చేరినచోట ఇంకొకరు చూసి రాయాలి. లాగ్‌బుక్కు ఎవరు రాశారో ఆ పుస్తకంలోనే ఉండాలి. పరిశోధనకైనా ఇంతకంటే పెద్ద నియమం అక్కర్లేదు.

ఫోటోలూ, లాగ్‌బుక్కు నకలూ జతచేసి ఆ బృందానికి మళ్ళీ రాశాను. జవాబు రాలేదు. లాగ్‌బుక్కు నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో నా పేరు ఇప్పుడైనా రాసుకోవచ్చు. రాసుకోలేదు. అది సాక్షి రాయాల్సిన పేరు.