ముఖకాంతి - ముందుజాగ్రత్త

పెండ్లిండ్ల కాలము వచ్చినదన్న మన లోగిళ్ళలో పూర్వము పెసరపిండియు, పసుపును సిద్ధమగుచుండెడివి. నేడు వాని స్థానమును సీసాలును, ట్యూబులును ఆక్రమించినవి. ముఖమునకు పూయు ఈ సీరములలో, క్రీములలో పెక్కింట గ్లైకాలిక్ ఆమ్లము కలదు. ఇది చర్మపు పైపొరలోని మృతకణముల పట్టు సడలించి వానిని రాల్చును. అందువలన చర్మము నునుపెక్కును.

ఈ ఆమ్లము చెరకునందును కలదు గనుక హాని లేదని కొందరందురు. తిరుత్తణి ప్రాంతమున చెరకు పండించు మనకు ఈ మాట యింపుగనే తోచును. కాని యంగడి సరకులోనిది చాలవరకు కర్మాగారములలో చేయబడినదే. అదియునుగాక, హాని నిర్ణయించునది పుట్టుక గాదు, పాలును, పులుపును. పీహెచ్ అంకె తగ్గినకొలది పులుపు హెచ్చును.

అమెరికాలోని సౌందర్యద్రవ్య పరిశీలక నిపుణుల సంఘము 1998లో ప్రచురించిన నిర్ణయము ప్రకారము, ఇంట వాడు సరకులో ఈ ఆమ్లము నూటికి 10 పాళ్ళు మించరాదు, పీహెచ్ 3.5కు తగ్గరాదు. శిక్షణ పొందినవారు కొలదిసేపు పూసి, బాగుగ కడిగివేయుదానికి 30 పాళ్ళు, పీహెచ్ 3.0 హద్దు. నాలుగు వారములు ఇట్టి ఆమ్లములు పూసినవారి చర్మము ఎండకు కందు గుణము 18 శాతము హెచ్చెననియు, మానిన వారము దినములకు సర్దుకొనెననియు పరీక్షలలో తేలినది. కావుననే ఆ దేశపు ఆహార ఔషధ శాఖ, ఎండను గూర్చిన హెచ్చరికను డబ్బాపై ముద్రింపుడని 2005లో సూచించినది. రోహిణికార్తె ఎండ లెఱిగిన మనకు ఈ హెచ్చరిక మఱింత యవసరము.

మన దేశమున 1940 నాటి ఔషధ, సౌందర్యద్రవ్యముల చట్టమును, 2020 నాటి సౌందర్యద్రవ్యముల నియమావళియు కలవు. పదార్థముల పేర్లు, గడువు, లైసెన్సు సంఖ్య ముద్రింపవలెను. ప్రమాదమున్నచోట జాగ్రత్తలును తెలుపవలెను. అయినను ఆంగ్లమున చీమతలకాయలంత అక్షరములలో నున్న హెచ్చరిక, తెలుగే చదువగల తల్లికిగాని, తమిళ బడిలో చదివిన కుమార్తెకుగాని యెట్లుపకరించును? ఆమ్లపు పాలు, పీహెచ్, ఎండ హెచ్చరిక ఈ మూడింటిని స్థానిక భాషలలో పెద్ద యక్షరములతో ముద్రింప నియమము కావలెను. సరిహద్దు కిరువైపుల నున్న మనము కోరదగిన కోరిక యిది.

అంతవరకు మన జాగ్రత్త మనదే. పేరు, లైసెన్సు లేని సీసాను కొనరాదు. ముందుగ ముంజేతిపై కొంచెము పూసి చూడవలెను. రాత్రివేళనే వాడి, పగలు ఎండ తగులకుండ చూచుకొనవలెను. మంట పుట్టెనేని నీటితో కడిగి, వైద్యుని సంప్రదింపవలెను. ముహూర్తమునకు వారము ముందు క్రొత్తదాని నేదియు పెండ్లికూతురి మొగముపై పరీక్షింపవలదు.