ఆకాశములో ఎవరి త్రోవ?

ఢిల్లీకిని శాన్ ఫ్రాన్సిస్కోకును నడుమ దూరమెంత యని యడిగిన, భూగోళముపై దారము పట్టి 12,400 కిలోమీటర్లని చెప్పి, దానిని గంటల వేగముచే భాగించి ప్రయాణకాలము తేల్చువారు మనలో పెక్కురు గలరు. ఈ లెక్క బడిపిల్లల పలకపై చెల్లును గాని ఆకాశమున చెల్లదు.

2016 అక్టోబరులో ఎయిరిండియా విమానము ఈ రెండు నగరముల నడుమ అట్లాంటిక్ త్రోవ విడిచి పసిఫిక్ మీదుగా పోయెను. పాతత్రోవ యించుమించు 13,900 కిలోమీటర్లు; క్రొత్తది 15,300. దూరము పెరిగెను, కాలము తరిగెను, ప్రయాణము 14.5 గంటలలో ముగిసెను. మీదిగాలి పడమటినుండి తూర్పునకు వీచును. పాతత్రోవలో దానికెదురీదవలసియుండగా, క్రొత్తత్రోవలో నదియే వెనుకనుండి త్రోసెను.

గాలిని శాసింపగలవా డెవడును లేడు. కాని త్రోవను శాసించువారు గలరు. 1944నాటి షికాగో ఒడంబడిక ప్రకారము ప్రతి దేశమునకును తన నేలమీది ఆకాశముపై పూర్ణాధికారము గలదు. 2019 ఫిబ్రవరిలో పాకిస్థాను తన యాకాశమును మూసి, జూలైలోగాని పూర్తిగా తెరువలేదు. అన్ని నెలలును ఢిల్లీనుండి పడమటికి పోవు మన విమానములు చుట్టుదారి పట్టి, అధికముగా చమురు కాల్చి, గంటలు పోగొట్టుకొనెను. నగరములు మాత్రము ఉన్నచోటనే యున్నవి!

అది పరులవలన వచ్చిన కీడు. మన చేతులార తెచ్చుకొన్న దింకొకటి కలదు. 1948 జూన్ 8న మన 'మలబార్ ప్రిన్సెస్' విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు బయలుదేరెను. దుబాయిలో ఎమిరేట్స్ సంస్థ 1985లో, అదియును అరువు విమానములతో, పుట్టినది. 37 ఏండ్లు ముందు బయలుదేరినవారము మనము! అయినను హైదరాబాదునుండి అమెరికాకు పోవు మనవారెందరో దుబాయి, దోహాలలో అర్ధరాత్రివేళ కుర్చీలలో కునుకుచు విమానములు మారుచున్నారు. గల్ఫువారిని మేము నిందింపము. తమ యెడారి తీరమున ఆకాశపు రేవు కట్టి మన ప్రయాణికులను రప్పించుకొన్న వారి తెలివి మెచ్చదగినదే. సంస్థను 1953లో జాతీయము చేసి 2022లో టాటాలకు మరల నప్పగించిన ప్రభుత్వమువారు, నడుమ గడచిన యేండ్లలో దక్షిణాది ప్రయాణికుని గూర్చి యెన్నిసార్లు తలచిరని మా ప్రశ్న.

కూతురి పురిటికి కాలిఫోర్నియా పోవు గుంటూరు తల్లికి ప్రయాణకాల మెంత? ఆమె లెక్క విమానాశ్రయమున మొదలుకాదు. ఇంటిగడప దాటిననాడే మొదలగును. హైదరాబాదు దాక రోడ్డు, అచ్చట గంటల నిరీక్షణ, ఆపై భాష తెలియని పరాయి రేవులో పచ్చళ్ల సంచి మోసికొని ద్వారము వెదకుట. ఇవి యే ప్రకటనలోను కానరావు.

హైదరాబాదునుండి అమెరికా పడమటి తీరమునకు మన విమానములే, ఒక యేడు నడిపి మరుసటియేడు మానక, నేరుగా నడువవలెను. కొత్త యజమానులు దీనిని లాభనష్టముల చిట్టాలో దాచివేయక, ఏనాటికి చేయుదురో తేదీతో చెప్పవలెను.