గడ్డ తీసిన పిమ్మట
మెదడు క్రింద బఠాణిగింజంత పిట్యూటరీ గ్రంథి కలదు. దానిచెంత పెరిగిన గడ్డను శస్త్రచికిత్సచే తీసిన పిమ్మట, "గడ్డయే పోయినది, ఇంక మాత్రలేల?" అని యింటివారు తలచుట సహజము. ప్రాణాపాయ మిచ్చటనే యున్నది.

మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు ఈ చిన్నగ్రంథి యాజ్ఞ లేనిదే కార్టిజాలు అను రసమును చాలినంత పుట్టింపవు. అందరికి నిట్లగునని కాదు. ఆ యాజ్ఞ ఆగినవారికి మాత్రము వైద్యు లిచ్చు హైడ్రోకార్టిజోను మాత్రయే దానికి బదులు. ఏకాదశియైనను, పెండ్లిసందడియైనను దానిని మానరాదు. (ఉపవాసభంగమని అత్తగారు కోపించినచో ఈ పుటను చూపుడు.) జ్వరము వచ్చినపుడు ఆరోగ్యవంతుల దేహము ఆ రసమును తానే హెచ్చించుకొనును, ఈ రోగి దేహ మట్లు చేయజాలదు. కావున వైద్యుడు ముందుగా చెప్పియుంచిన ప్రకారము మాత్రను, సామాన్యముగా రెండింతలు, హెచ్చింపవలెను. వాంతులై మాత్ర నిలువనిచో వెంటనే ఇంజక్షను వేయింపవలెను. తెల్లవారనిమ్మని జాగు చేయరాదు.

మితిమీరిన దప్పికయు, మాటిమాటికి నీరువంటి మూత్రమును కనబడినచో చక్కెరవ్యాధియే యనుకొనకుడు. వాసోప్రెస్సిను అను రసము కొరవడినను నట్లే యగును. దానికి డెస్మోప్రెస్సిను అను మందు కలదు.

రేడియేషను పొందినవారికి ఇట్టి కొరతలు ఏండ్లు గడచిన పిమ్మటను తలయెత్తవచ్చును. ముట్టు నిలిచినను, బిడ్డ యెదుగుదల ఆగినను సిగ్గుపడక వైద్యునితో చెప్పుడు. మందు పేరును మోతాదును వ్రాసిన చీటి నొకదానిని రోగి సంచిలో నెల్లప్పుడు నుంచుడు.