బావి గట్టు మీద తేదీ ఉండాలి

పిల్లలూ! కొత్త ఊళ్లో సామాను దించగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఇక్కడ తాగే నీళ్లు ఎక్కడివి?" దానికి పక్కింటివాళ్ల జవాబు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటే: "మా బావి నీళ్లు తియ్యగా ఉంటాయి. ఎన్నో ఏళ్లుగా తాగుతున్నాం." బదిలీల మీద తిరిగిన ఊళ్లన్నిటిలో ఈ మాట విన్నాను. బర్మామైన్స్‌లో చాపాకల్ గురించీ విన్నాను. మనవైపు బోరింగు అంటామే, అదే ఇక్కడి చాపాకల్.

చెప్పేవాళ్లది మంచి మనసే. కానీ నాలుకకు తెలిసేది రుచి మాత్రమే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లలో అది ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే రాశారు. వాళ్లు రాసింది మన నెల్లూరు జిల్లా పల్లెల గురించే. తర్వాత నల్లగొండ జిల్లా ఈ జబ్బుతో ఎంత బాధపడిందంటే, ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన విధానానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు వచ్చింది.

మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మీకు వచ్చే శాశ్వత దంతాల పైపొర చాలావరకు ఎనిమిదేళ్ల లోపు చిగుళ్ల లోపలే తయారవుతుంది. ఆ వయసులో రెండు మూడేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పళ్ల మీద మచ్చలు పడవచ్చు. నాన్నకు బదిలీ అయితే ఊరు మారుతుంది, ఆ మచ్చలు మాత్రం మీతోనే వస్తాయి.

"కాచి తాగితే చాలదా?" అని మీరు అడగవచ్చు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ మాత్రం పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. కాబట్టి ముందు పరీక్ష జరగాలి. రసాయనాలకు ఏడాదికి ఒకసారి, క్రిములకు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష చేయాలి.

పరీక్ష చేస్తే సరిపోదు. ఫలితం కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటే నిన్న ఊళ్లో దిగిన కుటుంబానికి ఎలా తెలుస్తుంది? బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ సమస్య బయటపడ్డాక దాదాపు 50 లక్షల గొట్టపు బావులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, ప్రమాదమైనవాటికి ఎరుపు రంగు వేశారు. అక్షరం రానివాళ్లకూ అది అర్థమైంది. ఎరుపు వేస్తే బావి మూతపడినట్టు కాదు. ఆ నీళ్లతో బట్టలు ఉతుక్కోవచ్చు. తాగడానికి, వంటకు మాత్రం వాడకూడదు.

ఈ పని మన సైన్స్ క్లబ్ మొదలుపెట్టగలదు. పరీక్ష కిట్‌లోని మందు చుక్కలు వేసి, నీటికి వచ్చిన రంగును అట్ట మీది రంగులతో పోల్చడం తొమ్మిదో తరగతి పిల్లలకు కష్టం కాదు. అనుమానం వస్తే నమూనాను జిల్లా ల్యాబుకు పంపాలి. ఫలితాన్ని, పరీక్షించిన తేదీని హిందీలో, తెలుగులో బావి గట్టు మీద రాయించాలి. మనం రెండేళ్లకో మూడేళ్లకో వెళ్లిపోతాం. మన తర్వాత ఆ క్వార్టర్లోకి వచ్చే పిల్లలు ఆ తేదీ చూసి బిందె నింపుకుంటారు.