నగర దర్శనం: రేవు లేని రేవుపట్టణం – పుదుచ్చేరి

సెలవు ప్రయాణ రాయితీపై దక్షిణాదికి వెళ్లే మన ఉద్యోగ మిత్రులు పుదుచ్చేరికి సాధారణంగా ఒక పూట మాత్రమే కేటాయిస్తారు. ఆశ్రమం, సముద్రతీరం చూసి సాయంత్రానికి తిరుగు బస్సు ఎక్కుతారు. చెన్నైకి దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో గల ఈ పట్టణం అంతకంటె ఎక్కువ వ్యవధికి అర్హమైనది.

ఇది ఓడల వల్ల పెరిగిన పట్టణం. దక్షిణపు పొలిమేరన గల అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో రోము వర్తకానికి చెందిన పాత్రలు, మద్యపు కూజాలు లభించాయి. 1674లో ఫ్రెంచివారు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. 1693లో డచ్చివారు దానిని పట్టుకొని 1699లో తిరిగి ఇచ్చారు. 1761లో ఆంగ్లేయులు నేలమట్టం చేయగా ఫ్రెంచివారు మళ్లీ కట్టుకున్నారు. ఇందరు పోరాడిన ఈ రేవుకు నౌకాశ్రయమే లేకపోవడం విచిత్రం! ఓడలు దూరాన లంగరు వేసి నిలిచేవి. పలకలను మేకులతో కాక కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలను దాటి సరకును, మనుషులను ఒడ్డుకు చేర్చేవి. మేకు కొట్టిన పడవ ఆ తాకిడికి విరిగేది; కుట్టిన పడవ వంగి నిలిచేది.

ఆ రాకపోకలను 1736 నుండి తమిళంలో దినచర్యగా వ్రాసి ఉంచినవాడు దుబాసీ ఆనందరంగ పిళ్లై. మన సాహిత్యానికి ఆయన ఆప్తుడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ‘ఆనందరంగరాట్ఛందము’ అని ఆయన పేరిటనే వెలయించాడు. 1761లో పట్టణం పతనమైన రోజులలోనే పిళ్లై కన్నుమూశాడు.

పట్టణం నడుమ కాలువ. తూర్పున ఫ్రెంచివారి వీధులు, పడమట తమిళుల అరుగుల ఇళ్లు. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించింది. అయినా, ఫ్రెంచి పౌరసత్వాన్ని కోరుకున్న తమిళ కుటుంబాలు నేటికీ ఇక్కడ నివసిస్తున్నాయి. గోదావరి తీరాన గల మన యానాం కూడ ఈ ప్రాంత శాసనసభకు ఒక సభ్యుని పంపుతుంది.

ఇక రేవు సంగతి. 1866లో నిర్మించిన ఇనుప వంతెన 1952 తుఫానుకు కూలిపోయింది. తరువాత కట్టిన కాంక్రీటు వంతెనలో కొంత భాగం 2022 మార్చిలో సముద్రం పాలయింది. నౌకాశ్రయం కొరకు 1989లో అరియాంకుప్పం నదీముఖం వద్ద రాతి కట్టలు నిర్మించారు. ఈ తీరాన ఇసుక ఏడాదిలో అధిక కాలం దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. కట్టలు దానిని అడ్డగించగా, ఉత్తరాన గల పట్టణపు తీరం కొట్టుకుపోయింది. విహారులు కూర్చున్న ఇసుక స్థానంలో నల్లరాళ్లు వచ్చాయి. శతాబ్దాల పాటు లేని నౌకాశ్రయం కొరకు చెల్లించిన వెల అది.

2018లో సచివాలయం ఎదుట సముద్రగర్భాన అమర్చిన కృత్రిమ దిబ్బ వల్ల ఆ భాగంలో కొంత ఇసుక తిరిగి చేరింది. సాయంత్రం వాహనాలను నిలిపివేసిన తీరపు బాటలో పిల్లలతో నడిచేటప్పుడు దానిని చూడవచ్చు. అక్కడితో ఆగక ఉత్తరంగా కురుసుకుప్పం, వైత్తికుప్పం వైపు సాగితే పల్లెకారుల ఇళ్లకు, సముద్రానికి నడుమ రాతిగోడ కనిపిస్తుంది. అక్కడి బెస్తలు పూర్వం పడవలను లాగి ఉంచుకొన్నది ఆ గోడ ఉన్న చోటనే.