ఇంట్లో గిటారుకు ఎంత యాంపు కావాలి?



మన పల్లె సంఘాల్లో హార్మోనియం, డోలక్, తాళాల పక్కన గిటారు కూడా చేరి చాలా కాలమైంది. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల క్రిస్మస్ దగ్గరపడుతున్నదంటే ఒకరిద్దరు పిల్లలైనా గిటారు పట్టుకొని కనబడతారు. గిటారు కొన్న ఇంట్లో కొన్నాళ్లకు రెండో కోరిక బయలుదేరుతుంది: "నాయనా, యాంపు కావాల." ఏది కొనాలో తండ్రికి తెలియదు. అంగట్లో పెద్దవి ముందు వరుసలో ఉంటాయి, పిల్లవాడి కన్నూ వాటి మీదే పడుతుంది. సుగ్గికి గుంటూరు వైపు పోయి మిరప కోతల్లో సంపాదించిన డబ్బైనా, పత్తి అమ్మిన డబ్బైనా చెమటోడ్చి తెచ్చిన డబ్బే. అందుకే ఈ నెల ఈ సంగతి కొంచెం వివరంగా చూద్దాము.

మొదటి ప్రశ్న, అసలు యాంపు అవసరమా? మీ పిల్లవాడిది మామూలు చెక్క గిటారు అయితే ఇంట్లో అవసరం లేదు. దాని డొల్ల పెట్టెలోనే శబ్దం పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని పాడుకోవడానికి అది చాలు. ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. దాని తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి దాన్ని చేస్తారు. తీగ కదిలినప్పుడు అందులో అతి కొద్ది కరెంటు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరుకు అందించేదే యాంపు. అది లేకుండా ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తే పక్కనున్నవారికి కూడా సరిగా వినబడదు.

"మందిరంలో మైకు సెట్టు ఉంది కదా, దానికే తగిలిస్తే పోలా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. తగిలించవచ్చు గానీ శబ్దం మొద్దుగా, జీవం లేకుండా వస్తుంది. అది సెట్టు లోపం కాదు. పికప్ సరిగా పలకాలంటే అవతలి వైపు సుమారు 10 లక్షల ఓముల నిరోధం ఉండాలి. మైకు కోసం చేసిన రంధ్రంలో సాధారణంగా కొన్ని వేల ఓములే ఉంటుంది. ఎద్దుల కాడికి గుర్రాన్ని కట్టినట్టు, రెండూ మంచివే గానీ జత కుదరదు.

ఇక ఎన్ని వాట్లు? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 10 వాట్ల కన్నా 20 వాట్లది రెండింతలు గట్టిగా వినబడుతుందని అనుకుంటాము. అలా కాదు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే వాట్లు ఇంచుమించు పదింతలు కావాలి. అంటే 10 వాట్లకు రెట్టింపు శబ్దం 100 వాట్ల దగ్గర వస్తుంది. మామూలు చిన్న స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చినా మీటరు దూరంలో 90 డెసిబెల్ల దరిదాపుల్లో మోగుతుంది. ఒక గది ఇంటికి అదే ఎక్కువ. కనుక ఇంట్లో సాధనకు 5 నుండి 10 వాట్లు, 6 నుండి 8 అంగుళాల స్పీకరు చాలు.

చిన్నదంటే చులకన అనుకోకండి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం స్థాపించిన 1938వ సంవత్సరంలోనే, అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే అంగడి తెరిచాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినా వాయించేవారి ఇబ్బందులు విని వారికి యాంపులు, గిటార్లు చేసిపెట్టి లోకమంతటా పేరు పొందాడు. నేర్చుకునేవారి కోసం ఆయన కంపెనీ తెచ్చిన చాంప్ అనే యాంపు శక్తి సుమారు 5 వాట్లు, స్పీకరు 8 అంగుళాలు. ఆ చిన్న యాంపును పేరున్న కళాకారులు కూడా స్టూడియో రికార్డింగుల్లో వాడారు.

ఇరుగుపొరుగు సంగతి ఇంకా ముఖ్యమైనది. మన ఊళ్లలో మిద్దెలు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. పక్కింట్లో పదో తరగతి పిల్ల చదువుకుంటూ ఉంటుంది, ఎదురింట్లో పొద్దంతా మగ్గం నేసినవాడు నడుం వాల్చి ఉంటాడు. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించకూడదు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయట లౌడుస్పీకరు వాడకూడదు. అదే 2000వ సంవత్సరంలో చెన్నైలోని ఒక సంఘం వ్యాజ్యం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఆ మందిరంలో డ్రమ్ములు, గిటారు మొదలైన వాయిద్యాలు ఉండేవి. శబ్దం తగ్గించాలని ఇరుగుపొరుగువారి సంక్షేమ సంఘం కోరింది. ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చి, సంఘం అప్పీలును కొట్టివేసింది. మనకు ఇది కొత్త మాట కాదు. తెల్లవారుజామునే లేచి గట్టి గొంతుతో స్నేహితుణ్ణి దీవిస్తే అది అతనికి శాపంగా తోస్తుందని సామెతల గ్రంథం 27వ అధ్యాయం ఎప్పుడో హెచ్చరించింది. దీవెనకే అలా అయితే, రాని పాటను రాత్రి పదింటికి ఇరవైసార్లు వాయిస్తే ఏమనుకుంటారు?

అందుచేత యాంపులో మొట్టమొదట చూడవలసింది హెడ్‌ఫోను రంధ్రం. హెడ్‌ఫోను పెట్టుకుంటే పిల్లవాడు అర్ధరాత్రి సాధన చేసినా ఎవరి నిద్రా చెడదు. అయితే వాల్యూము తక్కువగా పెట్టమని చెప్పండి. 85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు ఆ గడువు సగమవుతుందని వైద్య నిపుణులు లెక్క చెబుతారు. పోయిన వినికిడి మళ్లీ రాదు.

రెండవది, ఫోను తగిలించే రంధ్రం. ఫోనులో కీర్తన పెట్టుకొని దానితో పాటు వాయిస్తే తాళం కుదురుతుంది. మూడవది, బ్యాటరీ. కరెంటు పోయే ఊళ్లలో ఇది పెద్ద సహాయం. రోలాండ్ మైక్రో క్యూబ్ లాంటివి 6 చిన్న సెల్లులతో కూడా పనిచేస్తాయి. కరెంటు మీదనే నడిచేదైనా ఫర్వాలేదనుకుంటే ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జి, మార్షల్ ఎంజి 10 లాంటి 10 వాట్లవి ఉన్నాయి. వాల్వులతో పనిచేసే యాంపుల జోలికి ఇప్పుడు పోవద్దు. అవి బరువు, వాల్వులు కాలక్రమాన మార్చాలి, కాస్త గట్టిగా పెడితే గానీ వాటి మాధుర్యం తెలియదు.

గెయిన్ అనే మరొక మర ఉంటుంది. దాన్ని తిప్పితే శబ్దం చిరిగినట్టు, గరగరగా వస్తుంది. పిల్లలకు అది భలే ఇష్టం. కానీ ఆ గరగరలో ఏ తీగ సరిగా పలికిందో, ఏ వేలు తప్పిందో తెలియదు. పిల్లనగ్రోవి, వీణ వంటి వాయిద్యాల స్వరాలలో తేడా తెలియకపోతే ఏది వాయిస్తున్నారో ఎవరికి తెలుస్తుందని పౌలు గారు 1 కొరింథీయులకు 14లో అడుగుతారు. ఇంట్లో యాంపు పని ఊరికి వినిపించడం కాదు, వాయించేవాడికి తన తప్పులు వినిపించడం. మొదటి ఏడాది గెయిన్ తగ్గించి, తేట శబ్దంతోనే సాధన చేయించండి.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాట. యాంపు ప్లగ్గుకు మూడు కడ్డీలుంటే మూడవది ఎర్తు. గోడ సాకెట్టులో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. గిటారు తీగలు యాంపు ఎర్తుతో కలిసి ఉంటాయి. ఎర్తు లేని యాంపులో ఏదైనా లోపం వస్తే కరెంటు నేరుగా తీగల్లోకి, అక్కడి నుండి పిల్లవాడి చేతుల్లోకి రావచ్చు. ఒక చేయి తీగల మీద, పెదవులు మైకుకు తగిలి ఉంటే మరింత ప్రమాదం. యాంపు కొనక ముందే ఎలక్ట్రీషియనును పిలిచి ఇంటి ఎర్తు చూపించండి. అలాగే అమెరికా నుండి బంధువులు తెచ్చిన యాంపు అయితే వెనక రేకు మీద రాసినది చదవండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు తగిలించగానే కాలిపోతుంది.

కొనడానికి కర్నూలో, హైదరాబాదో, బెంగుళూరో వెళ్లినప్పుడు మీ గిటారునే తీసుకువెళ్లండి. అంగడివాడి ఖరీదైన గిటారుతో ఏ యాంపైనా బాగానే పలుకుతుంది. వాల్యూము బాగా తగ్గించి ఒక్కొక్క తీగ మీటించండి. తక్కువలో తేటగా పలికేదే ఇంటికి పనికివస్తుంది. తర్వాత వాయించకుండా వాల్యూము పెంచి, గుయ్యిమనే శబ్దం ఎంత వస్తుందో వినండి. హెడ్‌ఫోను రంధ్రాన్ని అక్కడే పరీక్షించండి. గ్యారంటీ కాగితం, రసీదు అడిగి తీసుకోండి.

"మరి ఆదివారం మందిరంలో?" అంటారేమో. చిన్న యాంపు ముందు ఒక మైకు నిలబెడితే దాని శబ్దమే సెట్టు ద్వారా అందరికీ చేరుతుంది. పెద్ద యాంపు కావాలంటే అది సంఘమంతా కలిసి కొనవలసిన వస్తువు, ఒక ఇంటి మీద పడవలసిన భారం కాదు. సౌలు ముందు దావీదు ఒంటరిగా సితారా వాయించినప్పుడు అతని చేతిలో ఉన్నది చిన్న వాయిద్యమే. దానితోనే రాజుకు నెమ్మది కలిగింది. మీ ఇంటి గిటారు కూడా ముందు మీ ఇంటికి, ఆ తర్వాత మీ పొరుగింటికి నెమ్మది కలిగించేదిగా ఉండనివ్వండి.