మందు ఏ వైపు ఉంటుంది?

ఏన్కూరులో ఎవర్ని అడిగినా ఆర్వో ప్లాంటు ఎక్కడుందో చెబుతారు. ఇరవై లీటర్ల క్యాను బండి మీద పెట్టుకుని మీరూ వెళ్లే ఉంటారు. అక్కడి పొడవాటి గొట్టాల్లో ఏముందో ఎప్పుడైనా అడిగారా? మెంబ్రేన్, అంటే సన్నని రంధ్రాలున్న పొర. పంపు ఒత్తిడికి నీళ్లు ఆ పొర వెంట ఒరుసుకుంటూ పోతాయి. కొన్ని పొర దాటి మంచినీళ్లుగా బయటికొస్తాయి. మిగతావి ఉప్పులతో కలిసి రిజెక్ట్ పైపు నుంచి కాలువలోకి పోతాయి.

ఇంజినీరింగ్ అయ్యాక నా మొదటి ఫార్మా ఇంటర్వ్యూలో ఒకాయన అడిగారు: 'నానోపార్టికల్ మందును మెంబ్రేన్‌తో శుద్ధి చేస్తే మందు ఏ వైపు ఉంటుంది?' నా కళ్ల ముందు మా ఊరి ప్లాంటు మెదిలింది. 'పొర దాటిన వైపు సార్' అన్నాను, ధీమాగా. ఇంకో రెండు ప్రశ్నలతో పంపించేశారు.

జవాబు దానికి సరిగ్గా రివర్స్. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సంగతే చూడండి. కొవ్వు పదార్థాలను ఇథనాల్‌లో కరిగించి, ఆర్‌ఎన్‌ఏ ఉన్న ఆమ్ల ద్రావణంతో వేగంగా కలుపుతారు. సుమారు 100 నానోమీటర్ల బుడిపెలు తయారవుతాయి. మన వెంట్రుక మందం కంటే కొన్ని వందల రెట్లు చిన్నవి. అయితే వాటితోపాటు ఇథనాల్, ఆమ్లం మిగిలిపోతాయి. అలాగే వదిలేస్తే బుడిపెలు ఒకదాంతో ఒకటి అతుక్కుని లావెక్కుతాయి. ఇంజెక్షన్‌కు పనికిరావు. అందుకే ద్రావణాన్ని పొర వెంట తిప్పుతారు. ఇథనాల్, ఉప్పులు పొర దాటి పోతాయి, మందు ఇవతలే ఉండి మళ్లీ ట్యాంకులోకి వస్తుంది. మనం కాలువలోకి వదిలే వైపే ఇక్కడ బంగారం. దీన్ని టాంజెన్షియల్ ఫ్లో ఫిల్ట్రేషన్ అంటారు, ఇండస్ట్రీలో అందరి నోటా టీఎఫ్ఎఫ్.

టీ వడగట్టినట్టు నేరుగా ఎందుకు వడపోయరంటారా? పొర మీద మడ్డి పేరుకుని కాసేపట్లోనే దారి మూసుకుపోతుంది. పక్కగా పారించడంలో కిటుకు అదే, ప్రవాహమే పొరను తుడుస్తూ ఉంటుంది. అలాగని పంపు వేగం ఇష్టమొచ్చినట్టు పెంచితే సున్నితమైన బుడిపెలు చితికిపోవచ్చు. ఒత్తిడి ఎక్కువైతే మందు పొరకు అంటుకుంటుంది. ఆ మధ్య దారి పట్టుకోవడమే ప్రాసెస్ ఇంజినీరు పని.

ఇక్కడో లెక్క ఉంది, ఇంటర్వ్యూలకు పనికొస్తుంది. 10 లీటర్ల ద్రావణంలో ఇథనాల్ తీసేయాలి, చేతిలో 50 లీటర్ల బఫర్ ఉంది. మొత్తం ఒకేసారి పోసి మళ్లీ 10 లీటర్లకు తెస్తే ఆరో వంతు, అంటే దాదాపు 17 శాతం ఇథనాల్ మిగులుతుంది. అదే 50 లీటర్లను, బయటికి ఎంత పోతే అంతే లోపలికి పోస్తూ వెళ్తే మిగిలేది 0.7 శాతమే. ఇథనాల్‌కు పొర అడ్డు కాదు కాబట్టి ఈ లెక్క నిలుస్తుంది. బియ్యం కడిగే అమ్మకు ఇది కొత్త కాదు. ఒకేసారి బిందెడు నీళ్లు పొయ్యకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పోసి వంపేస్తుంది కదా.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి కోసం జనం ఎలా తిరిగారో గుర్తుందా? మామూలు ఆంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. కొవ్వు బుడగలో పెడితే ఆ హాని తగ్గుతుంది. అయితే ఆ బుడగ చేయడం తేలిక కాదు. అప్పుడు కేంద్రం మరో ఐదు కంపెనీలకు అనుమతి ఇచ్చింది. వాటిలో హైదరాబాద్ నాట్కో ఒకటి. అవన్నీ కలిసి నెలకు 1,11,000 వయల్స్ చేస్తాయని ప్రకటించారు, కానీ మొదలయ్యేది జులై నుంచి. రోగులు ఉన్నది మేలో. మరుసటి ఏడాది మేలో హబ్సిగూడ సీసీఎంబీ ఇంక్యుబేషన్ సెంటర్ దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ టెక్నాలజీని ప్రకటించింది. అదే ఏడాది బయొలాజికల్-ఇ కంపెనీని ఎంఆర్‌ఎన్‌ఏ టెక్నాలజీ అందుకోవడానికి డబ్ల్యూహెచ్‌వో ఎంపిక చేసింది. ఖమ్మంలో బస్సెక్కితే సాయంత్రానికి చేరే దూరంలోనే ఇవన్నీ ఉన్నాయి.

మరి మనవాళ్లు? కెమికల్, బయోటెక్ చదివినా అమీర్‌పేట బస్సే ఎక్కుతున్నారు. సాఫ్ట్‌వేర్ వద్దని నేను అనను, నేను రాసేదే టెక్ గురించి. కానీ తెలియక వదులుకోవడం వేరు, తెలిసి వద్దనుకోవడం వేరు. తప్పు విద్యార్థులది మాత్రమే కాదు. చాలా కాలేజీల్లో వడపోత అంటే ఇప్పటికీ ఫిల్టర్ ప్రెస్సే, అదీ రికార్డు బుక్కులో బొమ్మగా. ఇళ్ల వాటర్ ఫిల్టర్లలో వాడే యూఎఫ్ కార్ట్రిడ్జ్, చిన్న పంపు, రెండు గేజ్‌లు ఉంటే పలచని పాలతో సూత్రం చూపించొచ్చు. దీనికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు, తాళం తీసే మనసుంటే చాలు.

'నానోమెడిసిన్'లో రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లకు మాత్రం డబ్బు కట్టకండి. పై లెక్క నేర్పని కోర్సు ఎందుకు? బీఫార్మసీ వాళ్లకైతే బాలానగర్ నైపర్ లాంటి దారి ఉంది. పంపులు, సెన్సర్లు తెలిసిన మెకానికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకూ ఈ గదుల్లో పనుంది. నైట్ షిఫ్టులుంటాయి, ఒళ్లంతా కప్పే గౌన్లుంటాయి, చేసిన ప్రతి పనీ బ్యాచ్ రికార్డులో రాయాలి. ఓపిక లేనివాళ్లకు కష్టమే.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరి ఆర్వో ప్లాంటు అన్నను అడిగి రోజూ పది నిమిషాలు లోపలికి వెళ్లండి. మెంబ్రేన్‌కు ముందు గేజ్ ఎంత, తర్వాత ఎంత, నిమిషానికి మంచినీళ్లు ఎన్ని లీటర్లు, రిజెక్ట్ ఎన్ని లీటర్లు, కెమికల్‌తో కడిగాక ఎంత మారింది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.